పదకొండో పదం

2022 నవంబరు. మేడ్చల్ బస్టాండుకు దగ్గర్లో ఒక బ్యాంకు పైఅంతస్తులో నాకో చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. తలుపు మీద ‘ఆర్థిక అక్షరాస్యత కేంద్రం’ అని బోర్డు. ఇరవై ఎనిమిదేళ్లు కౌంటరు వెనక కూర్చుని, స్వచ్ఛంద విరమణ తీసుకుని, గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకుని, ఆరు నెలలు తిరక్కుండానే ఇంట్లో ఏమీ తోచక ఈ పనికి ఒప్పుకున్నాను. పని పేరు కౌన్సెలర్. వచ్చినవాళ్లకు పొదుపు గురించి, బీమా గురించి, ఇంటి బడ్జెట్ గురించి ఓపిగ్గా చెప్పాలి. ఓపిక నాకు పుట్టుకతో రాలేదు. మాది తెనాలి వైపు. నా మాట గట్టిది, నా లెక్క ఇంకా గట్టిది అని నాకో నమ్మకం ఉండేది. ఆ నమ్మకానికి ఎక్కడ గండి పడిందో చెబుతాను.

నా గదికి వచ్చేవాళ్లలో సగం మంది కింద క్యూ ఎక్కువగా ఉంటే కాసేపు కూర్చుని పోదామని వచ్చేవాళ్లే. కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం మాత్రం ఒక జంట తగాదా పడుతూ మెట్లెక్కింది.

“మేడం, ఈమెకు జర మీరే చెప్పుండ్రి,” కుర్చీలో కూర్చోకముందే అన్నాడాయన.

“నాకు గాదు, గాయినకే చెప్పుండ్రి,” అన్నదామె, కూర్చుని.

ఆయన పేరు సత్తయ్య, ఆమె బాలమణి. ఊరు గౌడవెల్లి. సత్తయ్య పద్నాలుగేళ్లు ఒక అట్టపెట్టెల కంపెనీలో పనిచేశాడు. ఆ కంపెనీ మూతపడింది. చేతికి వచ్చిన సెటిల్‌మెంట్ లక్షా నలభై వేలు. ఊళ్లో వాళ్లకు ఇరవై గుంటల భూమి, అంటే అర ఎకరం, ఉంది, అందులో బోరు ఉంది. పక్క పొలాలన్నీ అప్పటికే ప్లాట్లయ్యాయి. ఆ వెంచరు తరఫున తిరిగే శ్రీశైలం అనే బ్రోకరు, ఈ ఇరవై గుంటలు కూడా ఇచ్చేస్తే ఇవాళే బయానా ఇస్తానని వెంటపడుతున్నాడు. బయానా అంటే అడ్వాన్సు. సత్తయ్యకు అమ్మేయాలని ఉంది. బాలమణికి లేదు.

“బతుకమ్మకు బంతిపూలు ఏస్తే పట్నం మొత్తం కొంటది మేడం,” అన్నది బాలమణి. “మా అమ్మగారింట్ల ఏసేటోళ్లు, నాకు ఆ పని ఎరికే. ఎండకాలం దుక్కి దున్ని పెంట గొట్టి, వానలు వడ్డంక నారు వెడితే ఎంగిలిపూల నాటికి కోతకస్తది.”

ఎంగిలిపూల బతుకమ్మ అంటే పండుగ మొదలయ్యే అమావాస్య రోజు. ఆ రోజు నుంచి తొమ్మిది రోజులు తెలంగాణలో పువ్వుకు ఉండే గిరాకీ ఇంకెప్పుడూ ఉండదు.

“గప్పటి దాంక ఏం దినాలె?” అన్నాడు సత్తయ్య. “అది అడుగుండ్రి మేడం ఆమెను.”

న్యాయమైన ప్రశ్నే. గోడకున్న పాత క్యాలెండరు కాగితం ఒకటి చించి, వెనక తెల్లవైపు లెక్క మొదలుపెట్టాను. పంట ఖర్చుకని ముప్పై ఐదు వేలు వేరే ఖాతాలో పెట్టమన్నాను. ఇంటికి మిగిలింది లక్షా ఐదు వేలు. బాలమణి గుండ్లపోచంపల్లి దగ్గర ఒక గోదాములో మూటలు కుట్టే పని చేస్తుంది. ఆ కూలి ఉప్పూపప్పుకు సరిపోతుంది కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు. పిల్లలిద్దరి చదువు, అత్తమ్మ మందులు, గ్యాసు, కరెంటు, ఫోన్లు, పెట్రోలు, అన్నీ కలిపి పైన పడే ఖర్చు నెలకు పదిహేను వేలు.

“ఏడు నెలలకు అయిపోతుంది,” అన్నాను.

“గదే నేనన్న,” అన్నాడు సత్తయ్య. “వానలు గుడ వడయి అప్పటికి.”

ఈ ఏడు బతుకమ్మ సెప్టెంబరు చివరి వారంలో వచ్చింది. వచ్చే ఏడు కూడా కాస్త అటూఇటూగా అప్పుడే వస్తుందనుకున్నాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. నవంబరు నుంచి ఆగస్టు వరకు పదిసార్లు డబ్బు తీయాలి. నెలకు పదివేల అయిదు వందలతో సరిపెట్టుకుంటే సరిగ్గా సరిపోతుందని చెప్పాను.

బాలమణి తల అడ్డంగా ఊపింది. “ఒక్కపారే గంత తగ్గిస్తే ఇల్లు తట్టుకోదు మేడం. పోరగాండ్లు అలుగుతరు, అత్తమ్మ అలుగుతది, ఈయిన అలుగుతడు. నెలకింత నెలకింత తగ్గిస్తే ఎవ్వలకు ఎరుకగాదు.”

నాకు ఆ మాట నచ్చింది. ఇన్నేళ్లలో బడ్జెట్ తగ్గించమంటే ఏడ్చినవాళ్లను చూశాను, తలూపి వెళ్లి ఏమీ చేయనివాళ్లను చూశాను. ఎలా తగ్గిస్తే ఇంట్లో గొడవ కాదో తనే చెప్పిన మనిషిని చూడటం అదే మొదలు. పదో తరగతి లెక్కల పుస్తకంలో అంకశ్రేఢి అని ఒక పాఠం ఉంటుంది. అంకెలు వరసగా, ప్రతిసారీ ఒకే మొత్తం పెరుగుతూనో తగ్గుతూనో పోతాయి. వరసలో ఒక్కో అంకెను టర్మ్ అంటారు, తెలుగులో పదం. ఒక పదానికీ తర్వాతి పదానికీ మధ్య తేడా కామన్ డిఫరెన్స్, మన పుస్తకాల్లో పదాంతరం. మొదటి పదం పదిహేను వేలు, పదాంతరం వెయ్యి తగ్గింపు. పదిహేను, పద్నాలుగు, పదమూడు, అలా పదో నెలకు ఆరు వేలు.

“అన్నీ గలిపితే ఎంతైతది?” అని అడిగింది బాలమణి. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి.

“మొదటి నెల పదిహేను, చివరి నెల ఆరు. కలిపితే ఇరవై ఒకటి. రెండో నెల పద్నాలుగు, చివరి నుంచి రెండో నెల ఏడు. అదీ ఇరవై ఒకటే. ఇలాంటి జతలు ఐదు. ఐదు ఇరవై ఒకట్లు?”

ఆమె పెదవులు కదిలాయి. “నూట అయిదు. లచ్చా అయిదు వేలు!” పైసా మిగలకుండా, పైసా తగ్గకుండా సరిపోయింది. నేను కాగితాన్ని గర్వంగా ఆమె వైపు తిప్పాను.

ఏ నెల ఏ ఖర్చు కోయాలో కూడా రాశాం. ఒక నెల కేబుల్ టీవీ, ఒక నెల రెండో సెల్‌ఫోను, ఒక నెల ఆదివారం కోడికూర. సత్తయ్య కల్లు ఖర్చు నెలకు వెయ్యి అని తేలింది. నా పెన్ను దాని మీద ఆగగానే బాలమణి నా చెయ్యి పట్టుకుంది. “అది ముట్టకుండ్రి మేడం. కొలువు వొయ్యినంక గాయినకు గదొక్కటే మిగిలింది. నలుగురు దోస్తుల నడుమ గూసుంటడు.” సత్తయ్య కిటికీలోంచి బస్సుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

లేచేముందు ఆయన ఒక షరతు పెట్టాడు. “మేడం, మీరు సాక్ష్యం. ఎంగిలిపూల నాటి దాంక గీ ఖాతల పైసలు ఆగితే భూమి ఉంటది. చేబదులు తేవద్దు, పంట పైసలు ముట్టద్దు. ఒక్క దినం ముంగట ఒడిసినా నేను శ్రీశైలం తాన బయానా పట్టుకుంట. గప్పుడు ఏడ్వద్దు.”

“ఏడ్వ,” అన్నది బాలమణి. “మాటంటే మాటే.”

డబ్బు ఏ తేదీన తీస్తారని అడిగాను. అమాస అమాసకు అని చెప్పింది. గోదాముల్లో హమాలీలు అమావాస్య నాడు మూట ఎత్తరు, అందుకని ఆమెకు అదే సెలవు. నెలకొకసారే కదా, ఏ రోజైతేనేం అనుకుని తలూపాను. నేను చేసిన తప్పు అక్కడుంది. చేస్తున్నప్పుడు మాత్రం చాలా తెలివైన పని చేస్తున్నట్టే ఉంది.

మొదటి నాలుగైదు నెలలు డబ్బు తీసిన ప్రతిసారీ ఇద్దరూ పైకి వచ్చి పాస్‌బుక్ చూపించి వెళ్లేవారు. పదిహేను. పద్నాలుగు. పదమూడు. సంక్రాంతికి కూడా లెక్క తప్పలేదు. పన్నెండు. ఉగాదికి ముందురోజు ఫాల్గుణ అమావాస్య నాడు పదకొండు వేలు తీసుకున్నారు. ఆ తర్వాత పైకి రావడం మానేశారు. నేను పట్టించుకోలేదు. లెక్క వంటబట్టింది, ఇక నాతో పనేముందనుకున్నాను. పైగా శామీర్‌పేట వైపు పల్లెల్లో మహిళా సంఘాల మీటింగులకు వెళ్లినప్పుడల్లా పేర్లు చెప్పకుండా వాళ్ల కథే చెప్పేదాన్ని. నల్లబల్ల మీద పదిహేను, పద్నాలుగు అని రాసుకుంటూ వెళ్లి, కింద లక్షా ఐదు వేలు అని గీత గీస్తే ఆడవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. చప్పట్లు నాకు బాగానే ఉండేవి.

జులై మొదటి వారంలో ఒక ఆదివారం ఉదయం, ఇంట్లో వరలక్ష్మీవ్రతానికి ఏ శుక్రవారం వస్తుందో చూద్దామని క్యాలెండరు తిప్పాను. మా ఇళ్లలో ఆ వ్రతం తప్పదు, చీర కొనాలన్నా బంధువులను పిలవాలన్నా ముందు తేదీ తెలియాలి. జులై మూడో వారంలో శ్రావణం మొదలవుతున్నట్టు కనిపించింది. కానీ ఏ శుక్రవారం గడిలోనూ వ్రతం లేదు. ఇదేమిట్రా అని కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, సన్న అక్షరాల్లో ‘అధిక శ్రావణం’ అని ఉంది. అసలు శ్రావణం దాని తర్వాత, ఆగస్టులో. చంద్రుడి నెలలు సూర్యుడి ఏడాదికంటే ముందుకు జరిగిపోకుండా రెండు మూడేళ్లకోసారి ఒక నెలను రెండుసార్లు లెక్కపెడతారు. నాకు తెలియని సంగతేమీ కాదు. ఆ నెలలో పెళ్లిళ్లు చేయరని చిన్నప్పటినుంచీ తెలుసు. అది నా లెక్కలోకి వస్తుందని మాత్రం తట్టలేదు.

 అక్టోబరు కాగితం తీశాను. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు పద్నాలుగు. నేను సెప్టెంబరు చివర అనుకున్నాను. అమావాస్యలు మళ్లీ లెక్కపెట్టాను. కార్తీకం నుంచి శ్రావణం దాకా పది అనుకున్నవి పదకొండు. నా కాగితం ప్రకారం ఇక రెండుసార్లు తీయడానికి ఏడూ ఆరూ పదమూడు వేలు ఉంటాయి. కడుపు నింపుకోవాల్సింది మూడు నెలలు. చివరి నెలకు సున్నా. పువ్వు మొగ్గ మీద ఉండగా పాస్‌బుక్ ఖాళీ అవుతుంది, సత్తయ్య బయానా పట్టుకుంటాడు. నేను రాసిచ్చిన పది అనే అంకె వల్ల బాలమణి భూమి పోతుంది. నేను సాక్షిని కూడా.

మా ఆయన “ఐదువేలు మనమే ఇద్దాం, పోయేదేముంది,” అన్నారు. ఇవ్వగలను. కానీ షరతులో చేబదులు లేదు. సత్తయ్యకు తెలియకుండా ఇస్తే బాలమణి ఒప్పుకునే మనిషి కాదు. అయినా మర్నాడు మధ్యాహ్నం అయిదు వేలు ఒక కవర్లో పెట్టుకుని మేడ్చల్‌లో ఆటో ఎక్కాను. గౌడవెల్లి దాకా దారంతా, బాలమణికి చెప్పేటప్పుడు మొదటి మాట ఏమనాలా అని కూడబలుక్కున్నాను.

పొలం కనుక్కోవడం కష్టం కాలేదు. వెంచరు ప్లాట్ల హద్దుకు పాతిన రంగురాళ్ల మధ్య దున్నిన నేల అదొక్కటే. సత్తయ్య పార పట్టుకుని బోదెలు సరిచేస్తున్నాడు.

“మేడం! మీరిట్లచ్చిన్రేంది?”

“బాలమణి లేదా?”

“గోదాముకు వొయ్యింది. నాలుగు గొట్టంగ అస్తది. గూసోండ్రి.” ఎరువుల సంచి ఒకటి దులిపి బోరు గద్దె మీద పరిచాడు.

ఆమె వచ్చేదాకా నోరు మెదపకూడదనుకున్నాను. ఈయనకు తెలిస్తే ఇవాళే గెలిచినట్టు. మా చిన్నాన్న ఎప్పుడూ అనేవాడు, నా ముఖం అద్దాల బీరువా అని, లోపలున్నవన్నీ బయటికే కనపడతాయని. సత్తయ్య నీళ్ల చెంబు ఇచ్చి నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

“సత్తయ్యగారూ, నా లెక్క తప్పింది,” అన్నాను. “ఈ ఏడు ఒక నెల ఎక్కువొచ్చింది. నేను చూసుకోలేదు.”

ఆయన పార పక్కన పెట్టి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

“రెండు శ్రావణాలు గదా? ఎరికే మేడం.”

“ఎరికేనా? ఎప్పట్నుంచి?”

“ఉగాది నాటిసంది.” మోటారు గదిలోకి వెళ్లి, కవర్లో చుట్టిన పాస్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దశాబ్దాలుగా పాస్‌బుక్కులు చూసిన మనిషిని. ఒక్క చూపు చాలింది. ఫాల్గుణంలో పదకొండు వేలు తీశారు. తర్వాత పది వేలు ఉండాల్సిన చోట తొమ్మిది. ఆ తర్వాత ఎనిమిది, ఏడు. వడ్డీ చిల్లర వదిలేస్తే నిల్వ పదహారు వేలు. ఇక తీయాల్సినవి ఆరు, ఐదు, నాలుగు. మొత్తం పదిహేను. పదకొండో పదం తీశాక కూడా వెయ్యి మిగులుతుంది. నడుమ పదివేల మెట్టు ఒక్కటి తీసేశారు, అంతే. లెక్కంతా దానంతటదే సర్దుకుంది. సూత్రం తెలిసిన నేను కూర్చుని రాసినా ఇంతకంటే చక్కగా రాదు.

“ఇది ఎవరు చేశారు?”

“సెప్త,” అన్నాడు సత్తయ్య. “ఉగాది నాడు గుడి కాడ పంతులు పంచాంగం సదివిండు. గీ ఏడు రెండు శ్రావణాలని అన్నడు. అందరు లగ్గాలు ఎనకవడ్డయని మాట్లాడుకోవట్టిన్రు. నేను ఏళ్ల మీద అమాసలు లెక్కవెట్టిన. మీ కాగితం ఒక అమాస తక్కువవడ్డది. ఆడ గూసున్న కాడ్నే గెలిచిన మేడం నేను. ఆమెకు తెల్వది. మీకు తెల్వది. నోరు మూసుకొని ఉంటే సాలు.”

“మరి ఎందుకు చెప్పారు?”

 పక్క వెంచరు గేటు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ రేకుల కమాను కింద ఖాకీ చొక్కా వేసుకున్న ఒక ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు.

“అంతకు రెండు దినాల ముంగట శ్రీశైలం కలిసిండు, కల్లు దుకాణం కాడ. అన్నా, భూమి ఇయ్యి, నీకు కొలువు గుడ నేనే సూపిస్త, గేటు కాడ వాచ్‌మెన్‌గ వెట్టిస్త అన్నడు. మంచికే అన్నడు పాపం, తప్పు వట్టలే. గాని గా మాట సెవులల్ల తిరుగుతనే ఉన్నది. నా భూమికి నేను వాచ్‌మెన్ మేడం. కార్లల్ల అచ్చేటోళ్లకు లేశి గేటు తీసుడు. గా పైసలు ఎన్నొద్దులు ఉంటయ్? నేను ఆడ గూసుండుడు మాత్రం సచ్చేదాంక.”

ఉగాది పచ్చడి తాగి ఇంటికి రాగానే భార్యకు చెప్పేశాడట, నీ లెక్క తక్కువ పడ్డదని.

“ఆమె ఏడ్వలే, కొట్లాడలే. కాగితం తెచ్చి పదివేలు రాసిన కాడ ఏలు వెట్టింది. దీన్ని దుంకుదామా అన్నది. దుంకాల్నంటే ఒక్కపారే రెండు వేలు తగ్గాలె గదా. ఒక వెయ్యి కాగితంల ఉన్నదే. ఇంకో వెయ్యికి నన్నేం అడగలే మేడం. నా మొకం గుడ సూడలే. నేనే అన్న, కల్లు బందువెడ్త అని.”

అంతసేపూ భయపడుతూ వచ్చింది ఈ మనిషికే. గెలిచిన పందేన్ని తీసుకెళ్లి ఓడిపోయే ఆవిడ చేతిలో పెట్టొచ్చాడు. ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆయన కంగారుపడి మళ్లీ చెంబు నింపుకొచ్చాడు.

“నాకెందుకు చెప్పలేదు మరి?”

“నేను చెప్దామనే అన్న. ఆమే వద్దన్నది. మేడం అంత సదువుకున్నది, తప్పువొయ్యిందని మనం అంటే చిన్నబోతది, మనమే సదురుకుందాం అన్నది. పాస్‌బుక్ సూస్తే మీకు తెలుస్తదని పైకి గుడ అస్తలేము.”

నేను ఊరూరా నల్లబల్ల మీద పదివేలు రాసి చప్పట్లు కొట్టించుకుంటున్న నెలల్లో, వీళ్లిద్దరూ నేను నొచ్చుకోకూడదని కింది నుంచే డబ్బు తీసుకుని మెట్లెక్కకుండా వెళ్లిపోయారన్నమాట. చేతిసంచిలో కవరు ఉంది. దాన్ని బయటికి తీయలేదు. ఐదువేలు ఇచ్చి కాపాడదామని వచ్చినదాన్ని అని ఆ క్షణంలో చెప్పుకోలేకపోయాను.

నాలుగింటికి బాలమణి వచ్చింది. జుట్టు నిండా గోనె పీచు. నన్ను చూసి, పాస్‌బుక్ చూసి, మొగుడి వైపు ఉరిమి చూసింది. “సెప్పినవా? నోరాగదు నీకు!”

“తప్పు నాది బాలమణీ,” అన్నాను.

“ఏం తప్పు మేడం? మీ నెల ఒకటో తారీకుకు పుడతది. మాది అమాస ఎల్లినంక పుడతది. మీరు మీ నెలలు లెక్కవెట్టిన్రు,” అన్నది ఆమె, నన్ను ఓదారుస్తున్నట్టు. “గాని మెట్లు దిగుడు మీరే నేర్పిన్రు. మెట్లున్నయి గన్కనే దుంకినం.”

ఆ తర్వాత కూడా సులువుగా ఏమీ జరగలేదు. నారు పెట్టాక వారం రోజులు ముసురు పట్టి కొంత కుళ్లింది, మళ్లీ పెట్టారు. చివరి అమావాస్యకు నాలుగు వేలు తీశారు. పది రోజులు మిగిలి ఉండగానే గ్యాసు అయిపోతే సిలిండరు తేలేదు, కట్టెల మీద వండుకున్నారు. బ్యాంకులో మిగిలే వెయ్యి తీసుకోవచ్చు కదా అని నేనంటే, అది లెక్కలో లేదని బాలమణి ఒప్పుకోలేదు. చేబదులు తెస్తుందేమోనని సత్తయ్యే ఆమెకు కాపలా కాసేవాడని ఆమె నవ్వుతూ చెప్పింది. షరతు పెట్టినప్పటికంటే ఇప్పుడే ఆయనకు దాని మీద పట్టుదల ఎక్కువైంది.

ఎంగిలిపూల నాటి ఉదయం మేడ్చల్ రోడ్డు పక్కన పాత చీర పరిచి బాలమణి బంతిపూలు పోసి కూర్చుంది. పసుపు ఒక కుప్ప, నారింజ ఒక కుప్ప. ముందురోజే సత్తయ్య ఒక ఆటో లోడు పట్నం మార్కెట్‌కు పంపి, మిగిలినవి తెచ్చి తూకం దగ్గర నిలబడ్డాడు. నేను రెండు కిలోలు కొన్నాను. డబ్బు వద్దని ఆమె, తీసుకోవాల్సిందేనని నేను కాసేపు గుంజులాడుకున్నాం. నేనే గెలిచాను.

“శ్రీశైలం మళ్లీ వచ్చాడా?” అని సత్తయ్యను అడిగాను.

“అచ్చిండు. ఇంతకుముందే. వాళ్లింట్ల బతుకమ్మకు నాలుగు కిలోలు కొనుక్కపోయిండు.”

“ఎంతకిచ్చారు?”

“అందరికెంతో గాయినకంతే,” అన్నాడు సత్తయ్య, తక్కెడ దించకుండా.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. అంకశ్రేఢి మొత్తం తెలియాలంటే మూడు కావాలి. మొదటి పదం, పదాంతరం, పదాల సంఖ్య. మొదటి పదం ఎంతో వాళ్లను అడిగాను. ఎంత తగ్గిస్తే ఇల్లు తట్టుకుంటుందో వాళ్లనే అడిగాను. ఎన్ని నెలలో మాత్రం అడగలేదు, అది నాకు తెలుసనుకున్నాను. నెల అనేది అందరికీ ఒకటేనని ఇరవై ఎనిమిదేళ్ల బ్యాంకు కొలువు నాకు నేర్పింది. ఒకటో తారీకు జీతం రానివాళ్లకు నెల ఇంకెక్కడో మొదలవుతుంది. ఇప్పుడు నా గదికి ఎవరు వచ్చినా, ఎంత ఖర్చవుతుందని అడగడానికి ముందు మీ నెల ఎప్పుడు పుడుతుందని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. పాలవాళ్లు, హమాలీలు, కౌలు రైతులు మాత్రం వెంటనే చెబుతారు. మీటింగుల్లో ఇప్పటికీ వాళ్ల కథే చెబుతాను, నా తప్పుతో సహా. చప్పట్లు తగ్గాయి. ప్రశ్నలు పెరిగాయి.

దసరా అయిన వారానికి ఇద్దరూ మెట్లెక్కి పైకి వచ్చారు. పూల డబ్బు పంట ఖాతాలో వేసుకున్నారు. పెట్టుబడి పోను, వచ్చే పంటకు తీసిపెట్టగా, ఇంటికీ కొంత మిగిలింది. ఇంటి ఖాతాలో ఆ వెయ్యి రూపాయలు అలాగే ఉన్నాయి. సత్తయ్య పాస్‌బుక్ బల్ల మీద పెట్టి, అడగాలా వద్దా అన్నట్టు కాసేపు దాన్ని అటూ ఇటూ జరిపాడు.

“మేడం, గీ లెక్క దిగుడే ఉంటదా? ఎక్కుడు గుడ ఉంటదా?”

“ఎక్కడమూ ఉంటుంది. అదే సూత్రం. తీసివేత గుర్తు ఉన్నచోట కూడిక గుర్తు పెట్టుకోవాలి, అంతే.”

“అయితే మాకు ఎక్కుడు లెక్క రాయుండ్రి.”

తెల్లకాగితం తీసుకుని పెన్ను మూత తీశాను. మొదటి నెల ఎంత దాస్తారు, మొదటి పదం ఎంత పెడదామని అడిగాను. సత్తయ్య బాలమణి వైపు చూశాడు.

“వెయ్యి రాయుండ్రి,” అన్నది బాలమణి. “ఇంటి ఖాతల ఉన్నది గదే గదా.”

వెయ్యి అని రాశాను. సత్తయ్య చెయ్యి చాపి నా పెన్ను అడిగి తీసుకున్నాడు. దాని పక్కన రెండో పదం ఆయనే రాశాడు.